అటక మీది పొయ్యి

ఆగస్టులో సౌదీ తూర్పు తీరంలోని అల్ ఖోబర్‌కి కొత్తగా వచ్చినవాడికి మొదటి పాఠం కళ్లజోడు చెబుతుంది. ఏసీ గది తలుపు తీసుకుని వీధిలోకి అడుగు పెట్టగానే అద్దాలు తెల్లగా మసకేస్తాయి. రాత్రి పది దాటినా అంతే. చొక్కా అంచుతో తుడిచి పెట్టుకునేలోపు మళ్లీ మసక. అద్దం బయటి వేడికి అలవాటు పడేదాకా గుమ్మంలో నిలబడాల్సిందే. సందు చివర బక్కాలా (కిరాణా కొట్టు)లో ఫ్రిజ్‌లోంచి లబన్ (మజ్జిగ) సీసా తీస్తే, కౌంటరు దగ్గర డబ్బులిచ్చే సమయానికి దాని ఒంటినిండా నీళ్లు. బాల్కనీలో ఆరేసిన బనీను తెల్లారినా తడితడిగానే ఉంటుంది.

జగిత్యాల నుంచి వచ్చిన ఒక కుర్రాడు నాతో అన్నాడు: "ఎడారంటే ఎండ పొడిగుంటది అనుకున్న అన్నా. ఇదేంది, ఒంటి మీదికెళ్లి నీళ్లు కారుడే గని చెమట ఆరుతనే లేదు." కోనసీమ వాళ్లయితే దీన్ని ఒక్క మాటలో తేల్చేస్తారు: ఉక్కపోత. ఆ మాట ఎడారికి పనికొస్తుందని మాత్రం వాళ్లు కూడా అనుకుని ఉండరు.

ఇక్కడే ఒక చిక్కుంది. గాలి నిండా నీటి ఆవిరి, ఎదురుగా సముద్రం, నెత్తిన నిప్పులు చెరిగే సూర్యుడు. వానకు కావలసిన సరంజామా అంతా సిద్ధంగా ఉంది. అయినా జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఖోబర్ మీద చుక్క రాలదు. ఏడాది మొత్తానికి కురిసేది 100 మిల్లీమీటర్ల లోపే, అదీ చలికాలంలో. అట్లాసు తీసి ఖోబర్ అక్షాంశం మీద వేలుంచి తూర్పుకి జరపండి. 26 డిగ్రీల గీత మీదే గువాహటి తగులుతుంది. ఒక్క డిగ్రీ కిందకి దిగితే చిరపుంజి, ఏడాదికి 11,000 మిల్లీమీటర్లకు పైగా వాన. ఒకే సూర్యుడు, ఒకే వరస. ఒకచోట కుండపోత, ఇంకోచోట చుక్క లేదు.

బడి పుస్తకం దీనికి సిద్ధంగా ఒక జవాబు పెట్టుకుని ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి, 25–30 డిగ్రీల అక్షాంశాల దగ్గర కిందికి దిగుతుంది, దిగే గాలి మబ్బుని పుట్టనివ్వదు, అందుకే అక్కడ ఎడారులు అని. హాడ్లీ వలయం. పరీక్షలో ఇది రాసి మార్కులు తెచ్చుకున్న వాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ ఈ జవాబు జనవరికి సరిపోయినంతగా జూలైకి సరిపోదు. ఉత్తరార్ధగోళపు వేసవిలో ఈ వలయం మన వైపు బాగా నీరసించి ఉంటుంది. సగటున చూస్తే ఆ అక్షాంశాల్లో గాలి దిగడం అంతంత మాత్రమే. అరేబియా మీద, తూర్పు మధ్యధరా మీద, తూర్పు సహారా మీద మాత్రం సరిగ్గా ఆ నెలల్లోనే గాలి గట్టిగా దిగుతుంది. అంటే అక్కడ గాలిని కిందికి తొక్కుతున్న చెయ్యి ఇంకేదో ఉంది.

ఆ చేతిని వెతకాలంటే ఖోబర్ సముద్రపొడ్డు కార్నిష్ రోడ్డు మీద నిలబడి లాభం లేదు. నాలుగు వేల కిలోమీటర్లు తూర్పుకి, నాలుగున్నర కిలోమీటర్లు పైకి వెళ్లాలి.

టిబెట్ పీఠభూమి విస్తీర్ణం దాదాపు 25 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినదానికి తొమ్మిదింతలు. సగటు ఎత్తు 4,500 మీటర్ల చిల్లర. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో ఇంచుమించు 60 శాతమే. 3,650 మీటర్ల ఎత్తున ఉన్న లాసాలో నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. కుక్కర్ లేకపోతే కందిపప్పు ఉడకదు, పొయ్యి మీద ఎంతసేపుంచినా పలుకు పలుకుగానే ఉంటుంది. వంటవాడికి ఇది కష్టం. వాతావరణ శాస్త్రవేత్తకి ఇదే కీలకం: భూమి మీదున్న గాలిలో ఇంచుమించు నలభై శాతం ఈ పీఠభూమి అంచు కంటే దిగువనే ఉండిపోతుంది. పైన పలుచటి గాలి, పలుచటి దుమ్ము. ఎండ వడపోత లేకుండా నేలను తాకుతుంది. నేల కాగుతుంది. కాగిన నేల తన మీది గాలిని కాచుతుంది.

మామూలు పొయ్యి నేల మీద ఉంటుంది. వంటింటి గచ్చు మీద మంట పెడితే వేడి మెల్లగా పైకి పాకి, పైకప్పు చేరేలోపు సగం చల్లారుతుంది. అదే పొయ్యిని అటక మీదికెక్కించి వెలిగిస్తే? గదిలో గాలి తిరిగే తీరే మారిపోతుంది. వేసవిలో టిబెట్ చేసేది అదే. ఐదు కిలోమీటర్ల ఎత్తున, చుట్టుపక్కల అదే ఎత్తులో ఉన్న గాలి కంటే టిబెట్ మీది గాలి కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. వెచ్చటి గాలి పైకి లేస్తుంది, దాని స్థానంలోకి కింద నుంచి గాలి వస్తుంది, ఎత్తున ఒక పెద్ద సుడి, సవ్యదిశలో తిరిగే అధిక పీడన వలయం ఏర్పడుతుంది. 1957లో ఇద్దరు శాస్త్రవేత్తలు, జర్మనీలో హెర్మన్ ఫ్లోన్, చైనాలో యె దుజెంగ్, విడివిడిగా ఈ మాటే చెప్పారు: వేసవిలో టిబెట్ ఒక ఉష్ణ కేంద్రం. హిమాలయాలకూ మన వానకూ ముడి ఉందన్న ఊహ అంతకు ముందు నుంచే ఉంది. భారత వాతావరణ శాఖ తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ 1884లోనే, హిమాలయాల్లో మంచు ఎక్కువ పడ్డ ఏడు మన వాన తగ్గుతుందని రాశాడు. అయితే ఆయన చూపు మంచు మీద. వీళ్ల చూపు నేల వేడి మీద.

ఈ కథలో మనవాడొకడున్నాడు. పంచేటి కోటేశ్వరం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బెలూన్లు బాగా ఎత్తుకు ఎగిరి అక్కడి గాలి లెక్కలు పంపడం మొదలయ్యాక, దక్షిణ భారతం మీద, మద్రాసు అక్షాంశాల దగ్గర, పదిహేను కిలోమీటర్ల ఎత్తున ఒక వింత కనబడింది. కింద నైరుతి గాలి వీస్తుంటే, పైన దానికి ఎదురుగా తూర్పు నుంచి పడమటికి గంటకు నూరు కిలోమీటర్లు మించిన వేగంతో ఒక గాలి నది పారుతోంది. 1958లో 'టెల్లస్' పత్రికలో ఆయన ప్రచురించిన వ్యాసం ఈ ఉష్ణమండల తూర్పు జెట్ గురించే. దాని పుట్టుకని ఆయన టిబెట్ వేడికి ముడిపెట్టాడు: పీఠభూమి మీది ఆ పెద్ద సుడి దక్షిణపు అంచే ఈ జెట్. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యాడు. సినిమా పాటల రచయితల పేర్లు పదిమందివి చెప్పగల మనకి, మన మీదే ప్రవహించే ఆ నదిని వివరించినవాడి పేరు తెలియకపోవడం సిగ్గుపడాల్సిన విషయమే.

ఆ జెట్ ఎక్కడ ఆగుతుందో చూడండి. దక్షిణ భారతం దాకా పుంజుకుంటూ వచ్చి, అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా వైపు పోతూ నెమ్మదిస్తుంది. మనవైపు అంత గాలి లేస్తే ఎక్కడో ఒకచోట గాలి దిగాలి కదా. పడమటన దిగుతుంది.

అయితే దిగే చోటు కచ్చితంగా అరేబియా, తూర్పు సహారా ఎందుకు కావాలి? దీన్ని తేల్చింది 1996లో ఇంగ్లండ్‌లో మార్క్ రాడ్వెల్, బ్రయన్ హాస్కిన్స్. వాళ్లు కంప్యూటర్ నమూనాలో ఒక బొమ్మ వాతావరణాన్ని కట్టి, ఆసియా వానల వేడిని అందులో అద్దారు. ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలే వేడి తక్కువదేమీ కాదు. ఆ వేడి వల్ల పడమటి వైపు వాతావరణంలో ఒక పెద్ద అల పుడుతుంది. దాన్ని రాస్బీ తరంగం అంటారు. చెరువులో రాయి వేస్తే అలలు అన్ని వైపులకీ పోతాయి. భూమి తిరుగుతోంది కాబట్టి ఈ అల పడమటికే పాకుతుంది. పాకిన చోట, ఉత్తరం నుంచి వచ్చే పడమటి గాలులు దాని ఏటవాలు మీదుగా జారి కిందికి దిగుతాయి. వాళ్లు చేసిన ఇంకో పరీక్ష నాకు మరీ నచ్చింది. అదే వేడిని 10 డిగ్రీల అక్షాంశం దగ్గర పెడితే పడమటన పెద్దగా ఏమీ జరగలేదు. 25 డిగ్రీల దగ్గర పెడితే అరేబియా, తూర్పు సహారా దిక్కున గాలి జోరుగా కిందికి దిగింది. అంటే కేరళలో కురిసే వాన ఖోబర్‌ని ఎండబెట్టలేదు. ఆ పని చేసేది గంగా మైదానంలో, హిమాలయాల పాదాల దగ్గర కురిసే వాన. మరి వానని అంత ఉత్తరానికి లాక్కెళ్లేది ఎవరు? అటక మీది పొయ్యి.

దిగే గాలి వేడెక్కుతుంది. సైకిల్ పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు చేతికి చురుక్కుమంటుంది గుర్తుందా? నలిగిన గాలి వేడెక్కుతుంది. పై నుంచి దిగే పొడి గాలి ప్రతి కిలోమీటరుకీ పది డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. వేడెక్కిన కొద్దీ దానిలోని తేమ శాతం పడిపోతుంది, పుట్టబోయే మబ్బు పుట్టకముందే ఆరిపోతుంది. బంగాళాఖాతం మీద నుంచి లేచిన తడి అస్సాంలో కుండపోతగా కురుస్తూ వదిలిన వేడితో ఆకాశం మొదలుపెట్టిన లెక్క ఇది. ఖోబర్ ఎండని సూర్యుడొక్కడి ఖాతాలో రాస్తే తప్పు.

టిబెట్ దూరపు చుట్టమైతే, పక్కింట్లోనే ఇంకో పీఠభూమి ఉంది. ఖోబర్ నుంచి సముద్రం దాటితే ఇరాన్, అక్కడ గోడలా నిలిచిన జాగ్రోస్ కొండలు, వాటి వెనక ఎత్తయిన నేల. 2007లో బెంజమిన్ జైచిక్, ఆయన సహ పరిశోధకులు ఈ జాగ్రోస్ పీఠభూమిని కూడా ఇలాంటి పొయ్యిగానే లెక్కగట్టారు. వేసవిలో దాని మీద గాలి లేస్తుంది, పడమటి మైదానాల మీద దిగుతుంది. చిన్న పొయ్యే, కానీ దగ్గరిది. జూన్, జూలైల్లో ఇరాక్ వైపు నుంచి గల్ఫ్ పొడవునా ఇసుకని ఎగరగొట్టుకుంటూ వచ్చే షమాల్ గాలి కూడా ఈ కొండలు చూపిన దారినే పారుతుంది. అరబీలో షమాల్ అంటే ఉత్తరం. అది వీచినన్నాళ్లూ ఖోబర్‌లో కనీసం చెమట ఆరుతుంది. కారు మీద మాత్రం వేలితో పేరు రాయొచ్చు. షమాల్ సద్దుమణిగాకే ఉక్కపోత.

సౌదీ నేల తానే ఒక పీఠభూమి అన్నది ఇక్కడ ఉండే మనవాళ్లు తరచూ మరిచిపోతారు. దాని వాలు మన దక్కను వాలే. పడమటన సహ్యాద్రిలా అసీర్ కొండలు, ఇంచుమించు 3,000 మీటర్ల దాకా. అక్కణ్ణుంచి తూర్పుకి నేల మెల్లగా వాలుతూ వస్తుంది. నడుమ 600 మీటర్ల ఎత్తున రియాద్, దాదాపు మన హైదరాబాద్ అంత ఎత్తు. చివర సముద్రం. కృష్ణా గోదావరులు మాత్రం లేవు. అసీర్‌లోని అభాలో వేసవిలో వానలు పడతాయి, జనం చల్లదనం కోసం అక్కడికి వెళ్తారు. దక్కనుకీ అరేబియాకీ కొలతలు ఇంత దగ్గరగా ఉండి తలరాతలు ఇంత దూరంగా ఉండటానికి కారణం నేల కాదు, దాని మీది గాలి పైకి పోతుందా కిందికి వస్తుందా అన్నదే.

ఇవన్నీ కంప్యూటర్లో కట్టిన కథలేనా అంటే కాదు. 1979 వేసవిలో ప్రపంచ వాతావరణ పరిశోధకులు ఋతుపవనాన్ని పట్టి చూడటానికి 'మోనెక్స్' అనే పెద్ద ప్రయత్నం చేశారు. ఆ మే నెలలో నాసాకు చెందిన కాన్వేర్ 990 విమానం సౌదీ ఎడారి మీద కొలతలు తీసుకుంటూ ఎగిరింది. నేలను ఆనుకుని కాగిన గాలి పొర కొన్ని కిలోమీటర్ల ఎత్తు దాకా ఉందనీ, దానిపైన గాలి కిందికే దిగుతోందనీ అది చూపించింది. అదే వేసవిలో చైనా శాస్త్రవేత్తలు టిబెట్ మీద తమ మొదటి పెద్ద వాతావరణ ప్రయోగం నడిపారు. పొయ్యి దగ్గరా, గాలి దిగే చోటా ఒకే ఏడు థర్మామీటర్లు పెట్టినట్టయింది. టిబెట్ మీద పని తేలిక కాదు. ఊపిరి ఆడదు, రాత్రికి రాత్రి పరికరాలు గడ్డకడతాయి. ఈనాటికీ కొలత కేంద్రాలు ఎక్కువగా తూర్పు భాగంలోనే ఉన్నాయి, పడమటి టిబెట్ మీద వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1998లో, మళ్లీ 2014 నుంచి చేసిన ప్రయోగాలు ఈ ఖాళీని కొంత పూడ్చాయి.

ఇంతవరకూ చదివి, విషయం తేలిపోయిందనుకోకండి. 2010లో విలియం బూస్, జిమింగ్ కువాంగ్ 'నేచర్'లో ఒక వ్యాసంతో అందరి లెక్కనీ తిరగేశారు. నమూనాలో టిబెట్ పీఠభూమిని మొత్తం చదును చేసేసి, హిమాలయాల సన్నటి గోడ మాత్రం ఉంచారు. భారత ఋతుపవనం పెద్దగా చెక్కు చెదరలేదు. అంటే పని చేస్తున్నది పొయ్యి కాదు, గోడ అని వాళ్ల వాదన. ఉత్తరం నుంచి చల్లటి పొడి గాలి వచ్చి గంగా మైదానపు తడి గాలితో కలవకుండా ఆ గోడ అడ్డుపడుతోంది, అంతే. దీనికి చైనాలో వు గువోషియోంగ్ బృందం 2012లో బదులిచ్చింది: గోడనే ఉంచి దాని వాలు మీద నేల వేడిని ఆపేసి చూడండి, ఉత్తరపు వాన మాయమవుతుంది, కాబట్టి గోడ కూడా పొయ్యే అని. గోడ వాదం దక్షిణ భారతపు వానకి బాగా అతుకుతుందనీ, తూర్పు ఆసియా దగ్గరికి వచ్చేసరికి పొయ్యి లేకుండా కథ నడవదనీ నాకనిపిస్తుంది. ఖోబర్‌కి సంబంధించినంత వరకూ రెండిట్లో ఏది గెలిచినా తీర్పు ఒకటే. వాన 25 డిగ్రీల దాకా ఎక్కినంతకాలం ఇక్కడ గాలి దిగుతూనే ఉంటుంది.

ఇప్పుడు జగిత్యాల కుర్రాడి చెమట దగ్గరికి వద్దాం.

ఇడ్లీ పాత్రలో నీళ్లు బోలెడు పోయరు. అడుగున కొద్దిగా పోస్తారు, త్వరగా మరగాలి కదా. పర్షియన్ గల్ఫ్ అలాంటిదే. సగటు లోతు 35 మీటర్లు, ఎక్కడా 100 మీటర్లు దాటదు. మహాసముద్రాలతో పోలిస్తే అడుగున పోసిన నీళ్లంతే. మబ్బు లేని ఆకాశం కింద వేసవంతా కాగి, పైపొర 32 డిగ్రీలు దాటిపోతుంది. బోలెడు ఆవిరి లేస్తుంది. లేచి పైకి పోదామంటే నెత్తిన పీఠభూములు పంపిన దిగుడు గాలి, వేడిగా, పొడిగా మూతేసి కూర్చుని ఉంటుంది. ఆవిరి ఆ మూత కిందే, నేలకి కొన్ని వందల మీటర్ల లోపే చిక్కుకుంటుంది. వాన కావడానికి చాలదు, మనల్ని ఉడికించడానికి చాలు. మూత కింద ఇడ్లీలెవరో చెప్పనక్కర్లేదు.

ఖోబర్ పక్కనే దహ్రాన్. 2003 జూలై 8 మధ్యాహ్నం 3 గంటలకి అక్కడ ఉష్ణోగ్రత 42, తుషార బిందువు 35 డిగ్రీలు నమోదయ్యాయి. తుషార బిందువు (డ్యూ పాయింట్) అంటే గాలిని ఎంతకి చల్లారిస్తే అందులోని ఆవిరి నీరవుతుందో ఆ ఉష్ణోగ్రత. మన చర్మం ఉష్ణోగ్రత కూడా ఇంచుమించు 35. అంటే ఆ గాలిలో మన చర్మం ఒక ఫ్రిజ్ సీసా లాంటిదే. చెమట ఆరడం అటుంచి, గాలిలోని తడే ఒంటి మీద చేరే పరిస్థితి. ప్రపంచంలో ఎక్కడా ఇంతకంటే ఎక్కువ తుషార బిందువు నమోదైనట్టు సాధారణంగా చెప్పరు.

ఆ ఏడే మేలో టిబెట్ నేల మామూలు కంటే చల్లగా ఉందనీ, దాని ప్రభావం జూన్‌లో చైనాలో యాంగ్జీ నదికి దక్షిణాన కరువుగా కనబడిందనీ ఇటీవల అనేక దేశాల నమూనాలు కలిపి చేసిన అధ్యయనం ఒకటి తేల్చింది. 2003 మే, 2003 జూలై. రెండిటినీ ముడిపెట్టేయాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. ఆ ముడి ఎవరూ రుజువు చేయలేదు. ఒక్క మధ్యాహ్నపు తేమకి ఆ రోజు సముద్రం మీది గాలే చాలు. పీఠభూమి చేసేది ఒక రోజు పని కాదు, కాలం మొత్తం ఆట సాగే రంగస్థలాన్ని అది సిద్ధం చేస్తుంది.

ఇలాంటి తేమని ఒళ్లు ఎంతవరకు తట్టుకుంటుంది? తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకెని తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. అది 35 దాటితే ఎంత ఆరోగ్యవంతుడైనా, నీడలో ఊరికే కూర్చున్నా, కొన్ని గంటలకి మించి తట్టుకోలేడని 2010లో షెర్వుడ్, హ్యూబర్ లెక్క చెప్పారు. 2015లో జెరెమీ పాల్, ఎల్‌ఫతీ ఎల్తాహిర్, ఉద్గారాలు ఇలాగే పెరిగితే ఈ శతాబ్దం చివరికి గల్ఫ్ తీరంలో ఆ గీత దాటే రోజులు వస్తాయని చూపించారు. వాళ్ల ఊళ్ల జాబితాలో దుబాయ్, దోహా, అబుదాబీలతో పాటు దహ్రాన్ ఉంది. కారణాల్లో వాళ్లు చెప్పినవి ఇంతవరకూ మనం చూసినవే: లోతులేని సముద్రం, దిగుడు గాలి, మబ్బు లేని ఆకాశం. 2022లో అమెరికాలో పెన్ స్టేట్ పరిశోధకులు కుర్ర వాలంటీర్లని గదిలో ఉంచి నిజంగానే కొలిస్తే, తేమ గాలిలో శరీరం అదుపు తప్పడం 30–31 దగ్గరే మొదలైంది. 35 అన్నది కాగితం మీది గీత. ఒంటి గీత ఇంకా కిందనే ఉంది.

అటు పొయ్యి కూడా ఊరుకోవడం లేదు. టిబెట్ పీఠభూమి ప్రపంచ సగటు కంటే ఇంచుమించు రెట్టింపు వేగంతో వేడెక్కుతోంది. మంచు కరిగితే కింద నల్లటి నేల బయటపడుతుంది, నల్ల నేల ఇంకా ఎక్కువ ఎండ తాగుతుంది. పొయ్యి మంట పెరిగితే మూత ఎంత బిగుస్తుందన్నది పరిశోధకులు ఇప్పుడు గట్టిగా తవ్వుతున్న ప్రశ్న.

సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకూ ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. మంచిదే. కానీ అది సూర్యుణ్ణి చూసి పెట్టిన గడియారం. చెమట ఆరకపోవడానికి ఎండతో పని లేదు. సముద్రం వైపు నుంచి గాలి తిరిగిన సాయంత్రం, రాత్రి షిఫ్టులో కూడా ఆరదు. ఖోబర్‌లోనో దమ్మామ్‌లోనో జుబైల్‌లోనో మీ అన్నో బావో పని చేస్తుంటే, ఫోన్ చేసినప్పుడు ఎండ ఎంతుందని అడక్కండి. వాతావరణం యాప్ తెరిచి డ్యూ పాయింట్ ఎంతుందో చూసి చెప్పమనండి. అది 28 దాటి ఉంటే, ఆ పూట రాత్రయినా సరే, అరగంటకోసారి పని ఆపి చల్లటి చోట కూర్చోమని చెప్పండి.